తాళి కట్టిన తరువాత

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన మాటలో హాస్యము కలదు. ఆ హాస్యము వెనుక అప్పుపత్రమును కలదు. లోకములోని కథలు చాలవరకు పెండ్లితో ముగియును. నాయికానాయకులు అడ్డంకులన్నిటిని దాటి పీటలపై కూర్చుండగానే కథకుడు మంగళము పాడును. తాళి కట్టిన మరునాటినుండి వారికేమి జరిగెనో చెప్పుటకు పూనుకొన్నవారు తక్కువ. ఏడ్పింపక నవ్వించుచు చెప్పినవారు మరియు తక్కువ. అట్టి హాస్యకథ యొకటి 1952వ సంవత్సరమున తెలుగు తెరపై వెలసెను. దాని నిర్మాత కడప మండలమువాడు. దాని పేరు "పెళ్ళి చేసి చూడు". ఆ చిత్రమునకు ముందు మన సీమలో కొత్త దంపతుల వేడుక యెట్టిదో, ఆ చిత్రము దేనిని చూపి మనలను నవ్వించెనో, ఆ నవ్వు మన యిండ్లలో ఏమి మిగిల్చెనో విచారించుటయే యీ వ్యాసమునం దుద్దేశము.

ముందుగా పరదేశపు వాడుకను కొంచెము చూతము. అమెరికాలోని హాలీవుడ్డు చిత్రకారులు దంపతుల హాస్యమును ఒక ప్రత్యేక శాఖగా పెంచిరి. 1937లో వచ్చిన "ది ఆఫుల్ ట్రూత్", 1940లో వచ్చిన "ది ఫిలడెల్ఫియా స్టోరీ" అట్టివి. విడిపోయిన, లేక విడిపోబోవుచున్న భార్యాభర్తలు మరల ఒకరినొకరు వలచి కలిసికొనుటయే వానిలోని కథ. స్టాన్లీ కావెల్ అను అమెరికా తత్త్వవేత్త 1981లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి చిత్రములకు పునర్వివాహ హాస్యములని పేరు పెట్టెను. ఉన్న భార్యనే మరల పెండ్లాడుట యన్నమాట. కొత్త దంపతుల కథలలో మిక్కిలి పేరొందినది 1967 నాటి "బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్". నీల్ సైమన్ వ్రాసిన నాటకమునుండి అది తీయబడెను. పెండ్లియై ఆరు దినములు హోటలులో సుఖముగా గడపిన జంట న్యూయార్కులోని ఒక అద్దె యింటిలో కాపురము పెట్టుదురు. ఆ యిల్లు అయిదంతస్తుల పైన నున్నది; ఎక్కుటకు మెట్లే గాని లిఫ్టు లేదు. కప్పునందలి అద్దము పగిలి మంచు లోపల పడుచుండును. భార్య ఉల్లాసిని, భర్త ఆచితూచి నడచు న్యాయవాది. పార్కులో చెప్పులు లేక నడచుటకైన నీకు చేతగాదని ఆమె యతనిని దెప్పును. విడాకుల మాటవరకు పోయి, తుదకు కలిసికొందురు.

ఈ కథలో దంపతుల మధ్య నిలిచిన అడ్డంకి యేది? స్వభావభేదము. ఇద్దరును తమ యిష్టముతో పెండ్లాడిరి, తమ యిష్టముతో కలహించిరి. మెట్లెక్కి ఆయాసపడుచు వచ్చిన అత్తగారు కూడ వారి తగవులో తీర్పరి గాదు. మన చిత్రములో అడ్డంకి వేరు. అక్కడ వధూవరులు కలహించుటకైన అవకాశము లేదు. వారికి సంసారమే మొదలు కాలేదు. పెండ్లిపందిటిలోనే పెద్దల బేరము వారిని విడదీసెను. స్వభావము విడదీసిన జంటను మాటతో కలుపవచ్చును. రూపాయలు విడదీసిన జంటను కలుపుటకు మాట చాలదు.

అయితే మన సీమలో దంపతుల హాస్యము ఎల్లప్పుడును బేరము చుట్టే తిరిగినదా? లేదు. దానికి సాక్ష్యము అహోబిలమున కలదు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోను, 2022 నుండి నంద్యాల జిల్లాలోను ఉన్న ఆ నల్లమల క్షేత్రమున నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించెనని కథ. ఏటేట కనుమనాడు స్వామి ఉత్సవమూర్తులు పల్లకి నెక్కి బయలుదేరి, సుమారు నలువది దినములు ముప్పదికి పైబడిన గ్రామములలో తిరుగును. పారువేట యని దానికి పేరు. ఫాల్గుణమున జరుగు తన కల్యాణమునకు ప్రజలను స్వయముగా పిలుచుకొనుటకే స్వామి వచ్చునని జనుల విశ్వాసము. వరుడే ఊరూర తిరిగి శుభలేఖ నిచ్చుట ఎంత ముచ్చటయైన సంగతి! చెంచులు స్వామిని తమ ఇంటి అల్లునిగా భావింతురు. జానపదుల పాటలలోను ఆటలలోను ఆ దేవుడు చెంచితకు నచ్చుటకై అడవిపనులు నేర్చుకొనవలసి వచ్చును. పిమ్మట ఆదిలక్ష్మి అలుకను తీర్చలేక తిప్పలు పడును. అక్కడ నవ్వులపాలగువాడు వరుడే.

కడప పట్టణమునకు చేరువనున్న దేవుని కడపలో మరియొక వేడుక. అచ్చటి వేంకటేశ్వరస్వామి బీబీ నాంచారమ్మను పెండ్లాడెను గనుక తమకు అల్లుడని చెప్పుకొనుచు, ఉగాదినాడు ముసల్మానులు కొబ్బరికాయలు, పూలు, పండ్లు తెచ్చి స్వామిని దర్శించుకొందురు. మతభేదమును వియ్యము చెరపివేసిన తావు అది. ఈ రెండు కథలలోను అల్లుడు వచ్చి యడిగినది పిల్లను మాత్రమే. పిల్లతోపాటు పైకమును గాదు.

దేవతల మాట అట్లుండగా మనుష్యుల ఆచారము కూడ ఒకప్పుడిట్లే యుండెను. ఇంగ్లీషువారు దత్తమండలములని పిలిచిన మన ప్రాంతమున పెక్కు కులములవారు ఓలి నిచ్చి పిల్లను తెచ్చుకొనుచుండిరి. ఓలి యనగా వరుని పక్షము కన్యపక్షమునకు ఇచ్చు సొమ్ము. అది కూడ బేరమే గనుక పొగడదగినది కాదు. కాని సేద్యములోను పశుపాలనములోను కాయకష్టము చేయు స్త్రీకి అందులో ఒక విలువ గుర్తింపబడెను. ఇంగ్లీషు చదువులును, సర్కారు కొలువులును వచ్చిన పిమ్మట వరునికి ధర పుట్టెను. పై కులములలో మొదలైన కట్నము, క్రిందివారు పైవారిని చూచి నేర్చుకొను రీతిని, ఊరినుండి ఊరికి ప్రాకెను. పెండ్లివేళ చదివించు కానుకకు పేరైన కట్నమను మాట, పెండ్లికి ముందే తేల్చుకొను ధరకు పేరయ్యెను. ఇరువదవ శతాబ్దము గడచుకొలది ఓలి మరుగునపడి కట్నము గద్దెనెక్కెను. వర్షము నమ్మరాని మెట్టసీమలో దీని భారమెంతో చదువరులు ఊహించుకొనగలరు. 1876-78 నాటి మహాక్షామము కర్నూలు, కడప, బళ్లారి మండలములను పీల్చివేసిన సంగతి చరిత్రకెక్కినది. వేరుసెనగ పండిన యేడు కూతురి పెండ్లి, పండని యేడు ఆ పెండ్లి అప్పుకు వడ్డి. ఇది పెక్కు కుటుంబముల చరిత్ర.

ఈ దురాచారములను మాన్పుటకు మన సంస్కర్తలు పట్టిన ఆయుధములలో నవ్వు ముఖ్యమైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వృద్ధులు బాలికలను పెండ్లాడుటను వెక్కిరించుచు "బ్రహ్మవివాహము" అను ప్రహసనమును వ్రాసిరి. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడెను. అది ఆడపిల్లను అమ్ముకొను తండ్రుల కథ. ఒక తరము గడచుసరికి త్రాసు తిరుగబడి, మగపిల్లవానిని అమ్ముకొను తండ్రుల కథ కావలసివచ్చెను. కాళ్లకూరి నారాయణరావుగారి "వరవిక్రయము" అదియే. అందులో తన పెండ్లికై తండ్రి ఆస్తి పోగొట్టుకొనుట సహింపలేక కాళింది ప్రాణము తీసికొనును. చెల్లెలు కమల ఆ వరునినే పెండ్లాడి, సొమ్ము పోసి కొనుక్కొన్నది తాము గనుక కొనబడిన వస్తువు కొన్నవారి యింటికి రావలెనని పట్టుబట్టును! కట్నము తీసికొన్న వరుని ఇంత సూటిగా నవ్వులపాలు చేసిన నాటకము తెలుగులో మరియొకటి కానరాదు. 1939లో చిత్తజల్లు పుల్లయ్యగారు దానిని చలనచిత్రముగా తీసిరి. భానుమతిగారు మొదట నటించిన చిత్రము అదియే.

సీమలో నాటకమునకు పెండ్లితో మరియొక చుట్టరికము కలదు. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి బృందము "కీచకవధ" నాటకమును ఆడెను. ఒక పెండ్లి సందర్భమున ఆ ప్రదర్శనము జరిగినదని చెప్పుదురు. అప్పటివరకు తోలుబొమ్మల నాడించిన కుటుంబమువారు తామే రంగమెక్కి, స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ధరింపజేసి, సురభి సమాజమను పేర దేశమంతట వ్యాపించిరి. తెలుగు తొలి టాకీయైన "భక్తప్రహ్లాద"లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబపు బిడ్డయే. స్త్రీ ముఖము రంగము మీదికి వచ్చినగాని స్త్రీ బాధ రంగము మీదికి రాదు. ఆ దారి తెరచిన ఊళ్లలో సురభి మొదటిది.

ఇక ప్రకృతమునకు వత్తము. పులివెందుల ప్రాంతపు బొమ్మిరెడ్డి సోదరులలో పెద్దవాడు 1908లో పుట్టిన నరసింహారెడ్డి, బి. ఎన్. రెడ్డిగా ప్రసిద్ధుడు. తాడిపత్రి వర్తకుడు మూలా నారాయణస్వామి తోడ్పాటుతో వాహినీ సంస్థను నడిపి "వందేమాతరము" (1939), వితంతువు సమస్యను చర్చించిన "సుమంగళి" (1940) మున్నగు చిత్రములను తీసెను. తమ్ముడు నాగిరెడ్డి 1912లో పొట్టిపాడు గ్రామమున పుట్టెను. వారిది ఉల్లిగడ్డలను సముద్రము దాటించి అమ్మిన వర్తక కుటుంబము. నాగిరెడ్డి మద్రాసులో ముద్రాలయము నడిపి, 1947 జూలైలో "చందమామ" మాసపత్రికను స్థాపించి, పిమ్మట విజయా సంస్థను నెలకొల్పెను. ఆయనకు కుడిభుజమైనవాడు తెనాలివాడైన చక్రపాణి. వంగభాష నేర్చి శరచ్చంద్రుని నవలలను తెలిగించినవాడు. దర్శకుడు ఏలూరు ప్రాంతపు ఎల్. వి. ప్రసాదు. కరవుసీమ వర్తకుని లెక్కచూపును, కృష్ణాతీరపు రచయిత వ్యంగ్యమును, గోదావరి ప్రక్కవాని రంగజ్ఞానమును ఒకచోట చేరెను.

ఈ ముగ్గురును కలిసి చేసిన చిత్రముల పేళ్లను వరుసగా చూచిన ఒక సంగతి తోచును. 1950లో "షావుకారు", 1952లో "పెళ్ళి చేసి చూడు", 1959లో "అప్పు చేసి పప్పు కూడు". అప్పిచ్చువాడు, పెండ్లి చేయువాడు, అప్పు తెచ్చువాడు. తెలుగు సంసారమును కుదిపివేయు మూడు పాత్రలను వీరు మూడు హాస్యములలో పట్టిరి. ప్రేమను గూర్చి తీసిన చిత్రములలో డబ్బు మాట దాచుట లోకరీతి. వీరు దానిని దాచలేదు.

"పెళ్ళి చేసి చూడు" కథ చదువరులలో చాలమందికి తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పుదును. పల్లెటూరి బడిపంతులొకడు తన చెల్లెలు అమ్మడుకు వరుని వెదకుచుండును. మధ్యవర్తి దూపాటి వియ్యన్న. ఆ పేరులోనే వియ్యము కలదు. వరుడు వెంకటరమణ చదువుకొన్నవాడు, మంచివాడు. అతని తండ్రి వెంకటపతి కట్నము కావలెనని పట్టుబట్టినవాడు. కట్నమిత్తుమని వియ్యన్న మాట యిచ్చును. పెండ్లి జరుగును. తాళి పడినది గాని కట్నము పడలేదు. వెంకటపతి లేచి కొడుకును వెంటబెట్టుకొని పోవును, కొడుకు పోవును. పిమ్మట రమణ భార్యను రహస్యముగా కలిసికొనును, బిడ్డ కలుగును. తండ్రి వేరు సంబంధము చూడగా దానిని తప్పించుకొనుటకు అతడు పిచ్చివానివలె నటించును. అమ్మడు నర్సు వేషమున అత్తవారింట ప్రవేశించి సేవచేసి మామగారి మనస్సును మార్చును. రామారావు, వరలక్ష్మి దంపతులుగాను, రంగారావు వియ్యన్నగాను, జోగారావు అన్నగాను, అతనిని వరించిన పిల్లగా సావిత్రియు నటించిరి. ఘంటసాల సంగీతము కూర్చెను. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము నెరపెను. అదే సంవత్సరమున ఈ కథ తమిళములోను వచ్చెను; 1972లో ప్రసాదుగారే దీనిని హిందీలో తీసి "షాదీ కే బాద్" అని పేరు పెట్టిరి. పెండ్లి తరువాత అని దాని అర్థము. ఆ పేరు మన విషయమునకు సరిగా సరిపోయినది.

ఇందలి హాస్యము పనిచేయు విధము గమనింపదగినది. వివాహమంత్రముల నడుమ లెక్కల పుస్తకము తెరచినచో దానంతట అదే హాస్యమగును. వెంకటపతి దుర్మార్గుడు గాడు. మన యింటి ప్రక్క యింటి పెద్దమనిషి. చూచువానికి అతనిలో తన మేనమామయో, తన తండ్రియో కనబడును. తన ముఖమునే చూచి తాను నవ్వుకొనువానికి కోపము రాదు, సిగ్గు వచ్చును. దురాచారమును చంపుటకు కోపముకంటె సిగ్గు మేలైన మందు. ప్రహసనములు వ్రాసిన పంతులుగారు ఎరిగిన మర్మము ఇదియే. చిత్రము వచ్చిన రోజులలో రాయలసీమ ఘోరమైన కరవులో నుండెను. గంజికేంద్రముల వద్ద జనులు వరుసలు కట్టిరి. అట్టి కాలమున కట్నము గూర్చి నవ్వించుట సాహసమే. నవ్వగలిగినది కూడ ఆ బాధ ఇంటింటను ఉండుటచేతనే.

ఇట జరిగిన ఒక చిన్న ముచ్చట చెప్పనిండు. కొన్నియేండ్ల క్రిందట మా యింట ఈ చిత్రమును అందరము కూర్చుండి చూచుచుంటిమి. వెంకటపతి పందిటినుండి లేచిపోవు ఘట్టమున పిల్లలు పకపక నవ్విరి. మూలన కూర్చున్న మా మేనత్త నవ్వలేదు. "నవ్వేదానికి మీకేమి! ఆ పందిట్లో తల వంచుకోని కూచ్చోనిండేది నేను" అనెను. ఆమె పెండ్లినాడు తక్కువపడిన సొమ్ముకై వియ్యంకుడు విడిది యిల్లు కదలకుండెనట. తెల్లవారుజామున మా తాత రెండెకరముల చేనును తాకట్టు పెట్టి ఆ లోటు పూడ్చెనట. ఆ చేను మరల మా కుటుంబమునకు రాలేదు. "మీ మామ ఏమనినాడత్తా?" అని ఒక పిల్ల యడిగెను. "ఆయనేమంటాడు? వాళ్ల నాయన అనేది అంటాండె, ఆయన కంకణం చూసుకుంటా కూచ్చోనిండె" అని యామె బదులిచ్చెను. తరువాత ఆ చిత్రమును చూచినప్పుడెల్ల నా కన్ను వెంకటపతిపై గాక రమణపై పడుచున్నది.

అవును; రమణ యేమి చేసెను? తండ్రి లెమ్మనగా లేచెను. చదువుకొన్నవాడు, కట్నమందు ఆశ లేనివాడు, భార్యను ప్రేమించువాడు. అయినను పందిటిలో నలుగురి యెదుట "నేను రాను" అను మూడక్షరముల మాట... కాదు, రెండే రెండు పదముల మాట అతని నోట వెడలలేదు. తరువాత అతడు చూపిన నేర్పంతయు చాటుమాటు నేర్పు. ఎదిరింపలేక పిచ్చి నటించెను. తండ్రి మాట కాదనుటకంటె మతి పోయినదని చెప్పుకొనుట సులభమైన సమాజము మనది! ఇది హాస్యములోని హాస్యము. చక్రపాణి దీనిని తెలిసియే పెట్టెనని నేను నమ్ముదును. అమ్మడు మాత్రము నర్సు వేషమున సేవ చేసి, తనను త్రోసిపుచ్చిన యింటిని గెలుచుకొనవలసి వచ్చెను. కావెల్ చెప్పిన పునర్వివాహము ఇక్కడను జరిగినది. కాని దాని శ్రమలో పెద్దపాలు భార్యదే. "వరవిక్రయము"లోని కమల యెదుట అమ్మడును నిలిపి చూడుడు. కమల వరుని సిగ్గుపరచెను; అమ్మడు మామను కరగించెను. చిత్రము నాటకముకంటె మెత్తనిది. మెత్తనిది గనుకనే ఎక్కువమందికి నచ్చినది; మెత్తనిది గనుకనే చదువుకొన్న వరుడు చెక్కుచెదరక యింటికి పోయెను.

ఈ మెత్తదనము విజయావారి తరువాతి చిత్రములలోను కనబడును. 1955 నాటి "మిస్సమ్మ"లో ఉద్యోగము కొరకు ఇద్దరు నిరుద్యోగులు దంపతులమని అబద్ధమాడుదురు. ఆమె క్రైస్తవురాలు, అతడు హిందువు. సమస్య ముదురు సమయమున, ఆమె చిన్నతనమున తప్పిపోయిన హిందువుల బిడ్డయే యని తేలిపోవును! దేవుని కడపలో ఉగాదినాడు జనులు చేయగలిగిన పనిని తెర చేయజాలకపోయినది. 1962 నాటి "గుండమ్మ కథ"లో ధనగర్వమున పెరిగిన కొత్త పెండ్లికూతురిని భర్త తోటపనికి దింపి కష్టమెరిగించును; అచ్చట కూడ పాఠము నేర్చుకొనవలసినది భార్యయే. తాడిపత్రివాడైన కె. వి. రెడ్డి 1958లో తీసిన "పెళ్ళినాటి ప్రమాణాలు" ఒక్కటి వేరుదారి పట్టెను. అందు దారి తప్పినవాడు భర్త. పెండ్లినాడు పలికిన ప్రమాణములను మరల వల్లించి దిద్దుకొనవలసినవాడును అతడే.

నవ్వు ఇట్లుండగా చట్టమేమి చేసెను? మద్రాసు రాష్ట్రములో హిందువులలో ద్విభార్యత్వము 1949లోనే నిషేధింపబడెను. అనగా వెంకటపతి వంటివారు కొడుకునకు రెండవ పెండ్లి చేయుదుమని బెదరించునాటికే ఆ బెదరింపు చట్టవిరుద్ధము. ఆంధ్రప్రదేశములో 1958లో కట్ననిషేధ శాసనము వచ్చెను. 1961 జూలై 1వ తేదీనుండి దేశమంతటికిని ఒకే శాసనము అమలులోనికి వచ్చెను. భార్యను భర్తయు అతని బంధువులును హింసించుటను 1983లో ప్రత్యేక నేరముగా చేసిరి. 1986లో వరకట్న మరణమునకు వేరుగా శిక్ష నేర్పరచిరి. శాసనములు ఒకదాని వెనుక నొకటి వచ్చుటయే, మొదటిది చాలలేదనుటకు సాక్ష్యము. కట్నమిచ్చువాడును పుచ్చుకొనువాడును ఇద్దరును నేరస్థులే యైనచోట ఫిర్యాదు చేయువా డెవ్వడు?

ఇక్కడ చరిత్ర తానే ఒక హాస్యమును కల్పించినది. 1952లో పందిటినుండి మాటాడక లేచిపోయిన వరుని పాత్ర ధరించిన రామారావుగారు 1983లో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రియైరి. ఆయన ప్రభుత్వ కాలమున హిందూ వారసత్వ శాసనమునకు సవరణ జరిగి, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానముగా పుట్టుకతోనే హక్కు కలిగెను. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అది అమలు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో పాలు లేకుండుటయే వరకట్న దురాచారమునకు కారణమైనదని ఆ శాసనపు పీఠికయే ఒప్పుకొన్నది. దేశమంతటను అట్టి హక్కు వచ్చుటకు 2005 వరకు ఆగవలసి వచ్చెను. అయితే ఆ రాష్ట్ర శాసనములో ఒక గీత కలదు: అది అమలులోనికి వచ్చుటకు ముందే పెండ్లియైన కుమార్తెకు ఆ హక్కు వర్తింపదు. మా మేనత్తకు వర్తింపలేదు. తాళి కట్టిన తరువాత ఏమగునని యడిగినవారికి ఆనాటి చట్టము చెప్పిన యుత్తరము అది.

నేడు కడపలోగాని కర్నూలులోగాని బహిరంగముగా కట్నము మంచిదనువా డెవ్వడును లేడు. "మేమేమియు అడుగలేదు, వారి బిడ్డకు వారు పెట్టుకొనుచున్నారు" అనుటయే నేటి మర్యాద. పేరు మారినది, పత్రము మారినది. తాకట్టుపోవు చేను మారలేదు. వెంకటపతిని చూచి డెబ్బది యేండ్లుగా మనము నవ్వుచున్నాము. నవ్వు వ్యర్థమైనదని నేననను. సిగ్గుపడుట నేర్చినందుననే పేరు మార్చుకొంటిమి. కాని ఆ నవ్వు పెద్దవానిపై పడినంత గట్టిగా చిన్నవానిపై పడలేదు. బేరము చేసినవాడు తండ్రియే, నిజము. బేరమునకు సరకుగా కూర్చున్నవాడు కొడుకు. సరకు లేచి నడచిపోయినచో ఏ యంగడి నిలుచును?

ఈ వ్యాసము చదువు తల్లులకు నాదొక విన్నపము. సెలవుదినమున పిల్లలతో కూర్చుండి "పెళ్ళి చేసి చూడు" చూడుడు. హాయిగా నవ్వుడు, అది నవ్వదగిన చిత్రము. వెంకటపతి లేచి "పద" అను ఘట్టము వచ్చినప్పుడు మాత్రము ఒక్కసారి ఆపి, మీ కుమారునివైపు తిరిగి, "నీవైనచో ఏమందువు?" అని యడుగుడు. అహోబిలస్వామి తన పెండ్లికి తానే పిలుపులు పంచుకొనుచు నలువది దినములు తిరిగిన సీమలో, తన పెండ్లిపందిటిలో తాను ఒక్క మాట పలుకగల వరుడు ఇంటింటను పుట్టుట అసాధ్యము కాదు.